నీచు పొయ్యి

పెందుర్తిలో మా ఇంటికి రెండు పొయ్యిలు. వంటింట్లో గ్యాసు, పెరట్లో కట్టెల పొయ్యి. అన్నం, పప్పు, టీ లోపల. చేపలు మాత్రం పెరట్లోనే. గ్యాసు గట్టు పక్కనే దేవుడి అలమర ఉంది కాబట్టి నీచు గడప దాటకూడదని మా అత్తగారి శాసనం. అందుకే దానికి నీచు పొయ్యి అని పేరు. ఈ ఊళ్లో ఉంటూ చేప ముట్టని రోజులు ఎన్నుంటాయి?

మా ఆయన అచ్యుతాపురంలో తను పనిచేసే కంపెనీ నుంచి ప్యాకింగ్ చెక్కలు బండికి కట్టి తెచ్చేవారు. వాటికి ఏ మందు పూస్తారో గానీ, ఆ పొగ గొంతులో గీరుకునేది. అత్తగారికి దగ్గుతో మొదలై పిల్లికూతల దాకా వచ్చింది. పొగ దగ్గరకు వెళ్లొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈవిడ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి మళ్లీ ఊదుగొట్టం పట్టుకుంది.

"నానొండుతాను గదా అత్తా" అంటే, "నీ పులుసు మా ఓడికి దిగదు" అనేది. దేవుడి పటాలు హాల్లోకి మారుద్దామంటే, "మీ మావ కట్టించిన అలమర, కదపకు" అనేది. నాకు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. దగ్గు వినిపిస్తే పెరట్లోకి పరుగు, వినిపించకపోతే ఇంకా భయం.

"ఏటే, కాలు కాలిన పిల్లిలా తిరగతన్నావు?" అని నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది.

మొన్న వానలకు చెక్కలు తడిసి పెరడంతా పొగ కమ్మేసింది. పొయ్యి మీద కోనాం చేప పులుసు ఉడుకుతుండగా ఆవిడకు ఊపిరందలేదు. గోడకు జారగిలబడి నోరు తెరిచేసింది. లోపలికి నడిపించి మందు పీల్పించాను. ఇక మనిషి దక్కదనుకున్నాను. ఆవిడ మాత్రం మాట రాకపోయినా పెరటివైపే వేలు చూపిస్తోంది, పులుసు మాడిపోతుందని.

కోపం ఆపుకోలేక పులుసు దాక తెచ్చి, దేవుడి ఎదురుగానే గ్యాసు మీద ధన్‌మని పెట్టాను.

కాస్త తెరిపిన పడ్డాక ఆవిడ గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పటాల వంక చూసింది. నేను తగువుకు సిద్ధంగా నిలబడ్డాను.

"ఇన్నేళ్లూ నా దగ్గు ఇన్నాడు. ఈ వోసన ఓర్సుకోలేడేటి?" అంది. తర్వాత దాకలోకి తొంగిచూసి, "మంట తగ్గించు, సేప ఇరిగిపోద్ది" అంది.

తగ్గించాను. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"పొగ లేదు గదే, మరి ఆ కన్నీళ్లేటి?"