గీత దాటి వెనక్కి ఉరికిన పిల్ల

ఆ రోజుల్లో నారాయణఖేడ్‌లో ఆడపిల్లలకు ఆట అంటే కబడ్డీ ఒకటే. రగ్బీ అనే మాట మా బడిలో ఎవరూ విని ఉండరు. మా పీఈటీ సార్ ఏదో శిక్షణకు వెళ్లి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఒకటి పట్టుకుని తిరిగొచ్చాడు. కబడ్డీ ఆడే మమ్మల్ని పిలిచి, "మనిషిని పట్టి కింద పడేసుడు మీకు వస్తనే ఉన్నది. ఇగ బంతి పట్టుకుని ఉరుకుడు నేర్చుకుంటే అయిపాయె" అన్నాడు. (అయిపోలేదు. ఆ బంతి నేలకు తాకితే ఎటు ఎగురుతుందో ఇప్పటికీ నేను చెప్పలేను.)

అమ్మానాన్నలు హైదరాబాద్‌లో కట్టుబడి పనికి పోతే, నేను మా అత్త దగ్గర పెరిగాను. అత్త అంటే మా మేనమామ భార్య. నాగల్‌గిద్ద అవతల కన్నడ ఊరి నుంచి కోడలిగా వచ్చింది. చిన్నప్పుడు నేను పడుకోకుండా సతాయిస్తే "మల్కో మగళే" అనేది. కన్నడలో పడుకో బిడ్డా అని. రెండోసారి అనేది కాదు, వీపు మీద ఒకటి వేసేది. అందుకని ఆ మాట వినపడగానే ఉన్నచోటే ఒరిగిపోవడం నాకు అలవాటైంది. రగ్బీలో మనిషిని పడగొట్టడం నేర్చుకోవడానికి గోనెసంచిలో కంది పొట్టు నింపి కుట్టిచ్చింది కూడా ఆమే. దాన్ని వాటేసుకుని పడేసి పడేసి ఒళ్లంతా గోక్కుంటూ ఇంటికొస్తే, "ఇదేం ఆటనే? గజ్జి పట్టినట్టు గోక్కోవట్టె" అని తిట్టేది. మర్నాడు సంచి చిరుగు తనే కుట్టేది.

పదో తరగతి అయిపోగానే నన్ను కూడా పనికి తీసుకుపోదామని నాన్న వచ్చాడు. ఆ వారమే సంగారెడ్డిలో రగ్బీ ఎంపికలు. అందులో తీసుకుంటే హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"అన్నా, గీ ఒక్క ఆట ఆడనియ్యి. తీసుకున్నరా, చదువుతది. తీసుకోలేదా, నేనే నీ బస్సెక్కిస్త."

"ఆడపిల్ల మట్టిల పొర్లుడు ఏం ఆటనే చెల్లె?"

"నీ బిడ్డ పొర్లదు, పొర్లిస్తది" అంది అత్త.

సంగారెడ్డికి నాకు తోడు ఆమే వచ్చింది. ఆట మొదలైన కాసేపటికే బంతి నా చేతికి చిక్కింది. ఉరికాను. కబడ్డీలో కూత ఆపితే అవుటు కదా, అలవాటు కొద్దీ "కబడ్డీ కబడ్డీ" అంటూ ఒక్క దమ్ములో ఉరికాను. ఎవరూ నన్ను అందుకోలేదు. చివరి గీత దాటాను. అక్కడ బంతిని నేలకు ఆనిస్తేనే పాయింట్లని సార్ ఎన్నోసార్లు చెప్పాడు. కానీ కబడ్డీలో అవతలి గీత తొక్కినవాళ్లు తిరిగి తమ వైపుకు చేరాలి. అందుకే నేను వెనక్కి తిరిగి, బంతి చంకలో పెట్టుకుని, కూత ఆపకుండా మా సగంలోకి వచ్చేశాను. అప్పుడు ఊపిరి వదిలి, పాయింటు కోసం వేలెత్తి నిలబడ్డాను. అవతలి పిల్లలు కాసేపు నోరు తెరిచి చూశారు. తర్వాత అందరూ కలిసి నా మీద పడి, బంతి గుంజుకుపోయి మా గీత అవతల ఆనించి వచ్చారు.

సార్ నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. విరామం వచ్చింది. నాకు అప్పుడే నాన్నతో పనికి పోయి నెత్తి మీద ఇటుకలతో మెట్లెక్కుతున్నట్టే ఉంది. అత్త మాత్రం సార్ దగ్గరికి నడిచింది.

"పోరి గంత దూరం ఉరికె, ఎవలు పట్టలె. మరి తప్పేంది సార్?"

"గీత దాటినంక బంతి మీద పడాలెనక్కా. గీమె తిరిగొచ్చె."

"గింతేనా? పండుడేనా?"

అత్త పోయి, మేము ఇక ఉరకాల్సిన వైపు చివర జెండా పక్కన నిలబడింది.

మళ్లీ బంతి దొరికింది. మళ్లీ కూత, మళ్లీ ఉరుకుడు. గీత దాటాను. కాళ్లు అప్పుడే వెనక్కి తిరుగుతున్నాయి.

"మల్కో! మల్కో మగళే!"

ఆలోచించింది ఏమీ లేదు. బంతిని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాను. విజిల్ మోగింది.

ఆట అయ్యాక ఎంపిక చేసే మేడం సార్‌ను పిలిచింది. "ఈ పిల్ల ఏందో గొణుగుతుంది?"

"కబడ్డీ కూత మేడం. మాన్పిస్త."

"మాన్పియ్యకు. ఒక్క దమ్ముల గంత ఉరికేటోళ్లు నాకు యాడ దొరుకుతరు?"

తిరుగు బస్సులో అత్త, "పండుకుంటే హాస్టల్ ఇస్తరని ముందే తెలిస్తే నేనే ఆడుతుంటి" అంది.

తర్వాత కొన్నేళ్లు రాష్ట్రం తరఫున ఆడాను. ఇప్పుడు నేనే ఒక బడిలో పీఈటీని. అత్త పోయి నెల కాలేదు. చివర్లో దవాఖానలో ఆమె కుదురుగా ఉండేది కాదు, ఇంట్లో పనుందని మంచం దిగబోయేది. ఒక మధ్యాహ్నం భుజం పట్టుకుని "మల్కో అత్తా" అన్నాను. నా ముఖంలోకి చూసి, "బంతి ఏదే?" అంది. ఇద్దరం నవ్వాం. ఆమె పడుకుంది.

నా దగ్గర ఆట నేర్చుకునే పిల్లలు గీత దాటగానే చక్కగా బంతిని ఆనిస్తారు. వాళ్లను చూస్తుంటే, ఆ రోజు మైదానం మధ్యలో వేలెత్తి నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. గెలిచాననే అనుకుంది పాపం. ఇల్లు చేరుకున్నాను కదా, ఇంకేం కావాలి అన్నట్టు నిలబడింది.