బుల్లెమ్మ కూత

నౌపడ ఉప్పు మడుల్లో కూలికెళ్లే కూర్మమ్మకు, మొగుడు పోయాక ఇంట్లో తోడు ఒక్క కోడిపిల్లే. దానితోపాటు పుట్టిన పిల్లలన్నీ గద్దల పాలయ్యాయి. మిగిలినదానికి బుల్లెమ్మ అని పేరు పెట్టుకుంది. సందేళ అన్నం తింటుంటే అది ఒళ్లోకెక్కేది. పగలంతా దాచుకున్న కబుర్లు దానికే చెప్పేది.

ఒకనాడు పక్కింటి అసిరయ్య దాన్ని పట్టుకుని చూశాడు.

"ఓలప్పా, బుల్లెమ్మేటి? జుట్టు సూడు, అప్పుడే ఎర్రబడిపోనాది. మెడీకలు కోసుగా దిగతన్నాయి. ఇది పుంజు!"

"నీ కళ్లకి పొరలు కమ్మీసినాయిరా. పెట్టే ఇది!"

అలా అంది గానీ కూర్మమ్మకు తన మొక్కు గుర్తొచ్చింది. ఈ పిల్లలు పుట్టిన కొత్తలో, మోకాళ్ల నొప్పి తగ్గి మళ్లీ పనిలోకి వెళ్లగలిగితే వీటిలో మొదటి పుంజును అమ్మోరికిస్తానని మొక్కుకుంది. నొప్పి తగ్గింది. పనికీ వెళుతోంది.

వారం తిరక్కుండానే ఒక తెల్లవారుజామున బుల్లెమ్మ దడి ఎక్కి బొంగురు గొంతుతో కూసింది. తనను నిద్ర లేపే గొంతు ఆ ఇంట్లో విని ఎన్నాళ్లయిందో! కూర్మమ్మ గబగబా వెళ్లి దాన్ని కొంగులో దాచుకుంది. గుడి వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"తల్లీ, నా నొప్పి నాకిచ్చీ. దీన్ని నాకొగ్గీ."