ఉల్టా గడియారం

నాకు చాయ్ పడదు. గోదావరి జిల్లాలో పుట్టి, ఇత్తడి కాఫీ ఫిల్టరుతో కాపురానికొచ్చిన మనిషిని. అలాంటిదాన్ని ఒక్క పూటలో మూడు ఇరానీ హోటళ్ళు తిప్పింది హఫీజ్‌పేట భూలక్ష్మి.

మావారు హఫీజ్‌పేట రైల్వే స్టేషన్లో గుమాస్తా. డెబ్బై రెండులో మేం వచ్చేనాటికి స్టేషన్ చుట్టూ జొన్నచేలు, బండరాళ్ళు తప్ప ఏమీ లేవు. తెల్లవారుజాము పాసింజరు మంచులోంచి కలలో వచ్చినట్టు వచ్చేది. భూలక్ష్మి భర్త వీరేశం పాలక్యాన్లు కిటికీ ఊచలకు వేలాడదీసి నాంపల్లి వెళ్ళేవాడు. ఇరవై ఏళ్ళు ఒకే హోటల్‌కు పాలు పోశాడు. సాయంత్రం ఆమె బర్రెలు పిండుతుంటే పక్కన కూర్చుని ఆ హోటల్ ముచ్చట్లే చెప్పేవాడట. పాలరాతి బల్లలట, తనను ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి మొదటి చాయ్ తనకే ఇస్తారట. అక్కడి గడియారం ముళ్ళు వెనక్కి తిరుగుతాయట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకునేదాన్ని నేను.

కిందటేడు వీరేశం జ్వరంతో పోయాడు. ఆ హోటల్ పేరేమిటో భూలక్ష్మి ఎన్నడూ అడిగి ఉండలేదు.

"ఒక్కపారి తోల్కపో సుందరమ్మా. ఆయన కూసున్న కుర్చీల జర కూసొని వస్త" అంది. నన్నే ఎందుకు అడిగిందంటే, నాకు బోర్డులు చదవడం వచ్చు. కాదనలేకపోయాను.

మొదటి హోటల్లో మమ్మల్ని చూడగానే ఆడవాళ్ళ పరదా గదిలోకి పొమ్మన్నారు. భూలక్ష్మి కదల్లేదు.

"పరదా ఎనక కూసుంటే గడియారం ఎట్ల కానొస్తది?"

హాలు మధ్యనే కూర్చున్నాం. సమోసా వేడిగా ఉంది, గడియారం మాత్రం అన్ని గడియారాల్లాగే తిరుగుతోంది. రెండో చోట ఉప్పూ తీపీ కలిసిన బిస్కట్టు నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. అక్కడ అసలు గడియారమే లేదు. చాయ్ ఆవిరి, ఫ్యాన్ల గాలి, నాకు సగమే అర్థమయ్యే ఉర్దూ మాటలు. మత్తు కమ్మినట్టుంది నాకు. ఇలాగే ఒక హోటల్లోంచి ఇంకో హోటల్లోకి తేలుతూ పోతే బాగుండుననిపించింది, ఇల్లూ వంటా గుర్తు లేకుండా. భూలక్ష్మి మాత్రం గడప దాటగానే గోడలకేసే చూసేది.

మూడోది ఒక సందు మొదట్లో ఉంది. పాలరాతి బల్లలు, ఫ్యాన్లు, గల్లాపెట్టె వెనక నిలువెత్తు అద్దం. అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాం. ఎదురుగా వెనక దర్వాజా, దానిపైన గడియారం. అదీ సరిగ్గానే తిరుగుతోంది. భూలక్ష్మి ముఖం వాడిపోయింది. ఉండబట్టలేక, బల్ల తుడుస్తున్న ముసలాయనను నేనే అడిగాను, వీరేశం తెలుసా అని.

"హఫీజ్‌పేట పాలాయనా? మంచి మనిషి. మస్తు రోజులైంది రాక."

"ఆయన ఏ కుర్చీలో కూర్చునేవారండీ?"

ముసలాయన నవ్వాడు. "కూసునుడేందమ్మా. పాలోళ్ళు లోపలికి రారు. ఆ దర్వాజ కాడ నిలవడి పోస్తరు, ఆడ్నే ఒక చాయ్ తాగి పోతరు."

ఎందుకడిగానా అని నా నాలుక కొరుక్కున్నాను. భూలక్ష్మి కప్పు వదిలి లేచింది. నెమ్మదిగా ఆ దర్వాజా దగ్గరకు నడిచి, హాలువైపు తిరిగి నిలబడింది. ఎంతకీ కదలకపోతే నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. గడియారం ఇప్పుడు మా తలల పైన ఉంది, మాకు కనిపించదు. ఎదుటి అద్దంలో మాత్రం కనిపిస్తోంది. అందులో సెకన్ల ముల్లు వెనక్కి తిరుగుతోంది.

"ఇరవై ఏండ్లు గీడ నిలవడ్డడు" అంది భూలక్ష్మి. "నేను ఫికర్ పడ్తనని కుర్చీ అని చెప్పిండు. గడియారం మాట అబద్ధం గాదు సుందరమ్మా. ఉల్టానే తిరుగుతుంది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. ముసలాయన లోపలికొచ్చి కూర్చోమని ఎంత చెప్పినా వినక, తన చాయ్ అక్కడికే తెప్పించుకుని, అద్దంకేసి చూస్తూ నిలబడే తాగింది. నా కప్పు కూడా తెమ్మన్నాను. ఆమె పక్కన నేనూ నిలబడే తాగాను.