చెప్పమన్నదెవరు?

ఓర్వకల్లు చుట్టుపక్కల పల్లెల్లో కంబన్న ముఖం తెలియనివాళ్లు ఉన్నారేమో గానీ గొంతు తెలియనివాళ్లు లేరు. ఆటో మీద మైకులు కట్టుకుని, బట్టల షాపు ఓపెనింగ్ నుంచి ఎన్నికల ప్రచారం దాకా ఏ పనైనా ఒప్పుకుంటాడు. పొద్దున ఒక పార్టీకి జై కొట్టి, సాయంత్రం ఎదుటి పార్టీకీ అంతే హుషారుగా కొట్టగలడు. అదేంటని అడిగితే సిగ్గుపడడు, నవ్వేస్తాడు.

పని ఇచ్చినవాళ్లు రాసిచ్చే కాగితాలు చదివీ చదివీ అతనికో వింత సరదా పట్టుకుంది. ఏ మాట మనిషిని ఎక్కడ పట్టుకుంటుందో కనిపెట్టడం. 'ఈ రోజే ఆఖరు, త్వరపడండి' అన్నదానికి 'ఆఖరి బస్సు' అని పేరు పెట్టాడు. ఆఖరి బస్సంటే సీటుందో లేదో చూడకుండా ఎక్కేస్తాం కదా మరి. పళ్లపొడి బొమ్మలో తెల్లకోటు ఆయన నిజంగా డాక్టరేనా అని షాపువాణ్నే అడిగి చీవాట్లు తిన్నాడు. వాళ్లు గెలిస్తే మీ పింఛను పోతుందనే మాట 'బూచోడు'. అన్నిటికన్నా ముచ్చటైంది 'అందరూ'. అందరూ కొంటున్నారు, అందరూ మావైపే! ఆ అందరిలో ఒక్కడి పేరైనా రాయరెందుకని ఆటో తోలుతూ తెగ ఆలోచించేవాడు. తనను మాత్రం ఎవడూ బుట్టలో వేయలేడని గట్టి నమ్మకం.

వేరుశనగ అదునుకు ముందు ఒక కొత్త విత్తనాల కంపెనీ పని తగిలింది. "ఈ ఏడు వానలు దండి, పంటలు మెండు! సీమ రైతులందరిదీ ఒకటే మాట!" అని ఊరూరా మోగించి ఇల్లు చేరేసరికి, అక్క భీమక్క అరుగు మీద మూటలు కట్టి పెట్టింది. ఏటా విత్తనానికి దాచుకునే సొంత కాయలవి. తెల్లారి వ్యాపారి వేణుగోపాల్ బండి వస్తుందట. అవి అమ్మేసి కొత్త విత్తనం కొంటుందట. మొగుడు పోయిన మనిషి. ఆమెకున్నదంతా ఆ కాస్త మెట్ట చేనే. విత్తనం మొలవకపోతే ఏడాదంతా కూలికి పోవాల్సిందే.

"ఎవరు చెప్పినారక్కా నీకు?"

"నువ్వే చెప్తివి కదప్పా, పొద్దున ఈ సందులోనే."

"నేను చెప్పలేదక్కా. వాళ్లు రాసిచ్చింది చదివినా, అంతే."

"మైకులో గొంతు నీదే కదా! నాయన చాటింపేస్తే ఊరంతా నమ్మలేదా?"

కంబన్న అన్ని మాయమాటలకూ పేర్లు పెట్టాడు గానీ, 'మనవాడి గొంతు' అనేదొకటి ఉందని తోచనే లేదు. భయం వేసింది.

వాళ్ల నాయన పెద్ద ఈరన్న ఆ ఊరి చాటింపు మనిషి. తప్పెట కొట్టగానే మొదట అనేది ఒకటే: "చెప్పమన్నది ఫలానా వాళ్లు, చెప్తాండేది ఈరన్న." సంగతి ఆ తర్వాతే. చెప్పమన్నది ఎవరో తెలిశాక, ఎంత నమ్మాలో ఎవరికి వాళ్లు తేల్చుకునేవారు. కంబన్నకు తండ్రి గొంతు వచ్చింది గానీ, ఆ మొదటి ముక్క ఎక్కడో జారిపోయింది.

తెల్లారి బండి రాకముందే సందులో మైకు మోగింది.

"చెప్పమన్నది విత్తనాల కంపెనీ. చెప్తాండేది కంబన్న. ఈ విత్తనం నేను ఏసి చూడలేదు."

మిగతాదంతా కాగితంలో ఉన్నట్టే చదివాడు. అయినా ఈసారి ఆ 'అందరూ' ఎందుకో వెలవెలబోయింది. భీమక్క గుమ్మంలో నిలబడి విని, మూటలు లోపలికి లాక్కుంది. కొత్తది ఒక్క సంచి తెచ్చి, గట్టు పక్కన నాలుగు సాళ్లు వేసి చూస్తానంది. వేణుగోపాల్ బండి ఖాళీగా తిరిగిపోయింది.

కంపెనీ మనిషి వసంతకుమార్ ఫోన్‌లో ఎగిరిపడ్డాడు. "ఆ ముక్క కాగితంలో లేదే! నిన్నెవరు చెప్పమన్నారు?"

"మా నాయన సార్," అన్నాడు కంబన్న. ఆ పని అంతటితో పోయింది.

సాయంత్రం అక్క అరుగు మీద కాయలు వలుస్తుంటే పక్కన కూలబడి, "పోతే పోనీలే అక్కా. ఈ తూరి వానలు శానా బాగుంటాయంట," అన్నాడు.

భీమక్క తలెత్తలేదు. "చెప్పమన్నదెవరప్పా?"

ఎక్కడ విన్నానా అని కంబన్న ఆలోచించాడు. నిన్నంతా తన మైకులోనే విన్నాడు.