వేడిని నమ్మని మాస్టారు

గుణదలలో మా పక్కింటి ఫిజిక్సు మాస్టారు మొన్న రోహిణి కార్తెలో పోయారు. ఊపిరితిత్తుల జబ్బుతో చాన్నాళ్ళుగా మంచం మీదే ఉన్నారు. "ఎండదెబ్బటగా?" అని అడిగినవాళ్ళకి కాదని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. ఎండ దెబ్బతీసింది ఆయన నమ్ముకున్న సోలార్ పలకల్ని.

ఆయన ఆక్సిజన్ మిషను కరెంటుతో నడిచేది. కరెంటు పోతే డాబా మీది పలకలు నింపిన బ్యాటరీయే దిక్కు. కాలేజీలో రిటైరయ్యాక సరదాకి పెట్టించుకున్న పలకలు చివరికి ఆయన ఊపిరికి ఆధారమయ్యాయి.

బెజవాడ ఎండలకి ఆ పలకలకి పండగే అనుకునేదాన్ని. ఒకసారి ఆ మాటే అన్నాను. "దానిక్కావాల్సింది వెలుతురమ్మాయ్, వేడి కాదు. ఒళ్ళు కాగితే అదీ నీలాగే పని ఎగ్గొడుద్ది," అన్నారు. వెలుతురు పెరిగిన కొద్దీ కరెంటు పెరుగుతుంది గానీ, పలక కాగిపోతే ఆ లాభంలో కొంత మళ్ళీ పోతుందట. వాన వెలిసి, గాలి చల్లబడి, ఆకాశం తేటపడ్డ పూట దాని పనితనం చూడాలనేవారు.

నీడంటే ఆయనకి మరీ కోపం. ఓ వేసవిలో వాళ్ళావిడ, నేను పిన్నిగారంటాను, నున్నగా వెచ్చగా ఉంది కదా అని ఒక పలక మీదే గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెట్టేశారు. మిగతా పలకల కరెంటు ముందుకి పోలేక, కప్పిన చోట పలక మాడి మచ్చపడింది. "కాస్త నీడ పడ్డా వరసంతా కుంటుపడుద్దే!" అని ఇల్లెగరగొట్టారు. ఆ వడియాలే అడిగి వేయించుకుని తిన్నారు కూడా.

ఆయన పోయిన రోజు పొద్దున్నే మా వీధి ట్రాన్స్‌ఫార్మరు పేలింది. మధ్యాహ్నానికి బ్యాటరీ అడుగంటుతోంది. సిలిండరు కోసం ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు, రాలేదు. పలకల్ని చల్లార్చాలని పిన్నిగారు బిందె ఎత్తుకుంటే మాస్టారు చెయ్యి ఊపి ఆపారు.

"కాగిన అద్దం... పగులుద్ది."

నేను వెళ్ళి పలకల మీటరు చూసొచ్చాను. ఎంతిస్తోందని అడిగారు. చెప్పాను. పలకలు కాగిపోయి రావాల్సినంత రావట్లేదు, మిషనుకి అది చాలదు.

"చెప్పాను కదమ్మాయ్," అన్నారు. ఆ స్థితిలోనూ ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. అంబులెన్సు వచ్చేలోపే మిషను కూతపెట్టి ఆగిపోయింది. ఆయన ఆస్పత్రి దాకా మిగల్లేదు. అంత ఎండ నెత్తిన పెట్టుకుని ఒక మనిషికి ఊపిరి అందించలేకపోయాం.

పెద్దకర్మ అయిన మర్నాడు వాన పడింది. తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది, చల్లటి గాలి వీస్తోంది. పొద్దెక్కేసరికి పలకలు ఆ వేసవంతా ఎన్నడూ ఇవ్వనంత ఇస్తున్నాయి. మధ్యాహ్నం కాకముందే బ్యాటరీ నిండిపోయి, ఖాళీ మంచం పక్కన ఆకుపచ్చ దీపం వెలిగింది.

నేను డాబా ఎక్కేసరికి పిన్నిగారు ఆయన పంచె ఉతికి ఆరేస్తున్నారు. గాలికి పంచె ఊగి, దాని నీడ మచ్చపడ్డ పలక మీదకొచ్చింది. ఆవిడ గబగబా వెళ్ళి పంచెని పక్కకి లాగేశారు.

"ఊరుకోరమ్మా ఆయన," అన్నారు.