పత్తిచేలోకి వచ్చిన బడి

సహోదరులారా, నేను మూడో తరగతి మూడేళ్లు చదివాను, నాలుగో ఏడు పంతులుగారే నాకు దణ్ణం పెట్టి, 'ఒరేయ్ ఇన్నాసీ, పక్కోళ్లనన్నా చదువుకోనియ్యరా' అని సాగనంపారు! అట్లాంటివాణ్ణి మీ ముందు నిలబెట్టి మాట్లాడిస్తున్నాడంటే దేవుడికి కూడా కాస్త సరదా ఉందనే నా నమ్మకం.

ఇకమీద చెప్పేది నవ్వే సంగతి కాదు. యుద్ధం రోజుల్లో నాదెండ్ల దగ్గర ఒక ఆసామి కింద పాలేరుగా ఉండేవాణ్ణి, పగలు పని, పొద్దుగూకితే కల్లుపాక. మా అబ్బాయి శౌరి మాత్రం ఫాదర్ల మగపిల్లల బడిలో, బోర్డింగులోనే ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. తిండీ గుడ్డా పుస్తకం అన్నీ బడివాళ్లవే, కిరసనాయిలు చుక్క దొరకని ఆ రోజుల్లో పేదపిల్లలు చదువుకోవాలని ఫాదరుగారు గుడి దీపం కిందనే చాపలు పరిపించేవారు. పబ్లిక్ పరీక్షకు నెల ఉందనగా నేను తాగి డొంకలో పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాను! పత్తితీత మంచి ఊపులో ఉంది. పాలేరు మంచాన పడితే ఇంటి మనిషి ఒకరు ఆ పనికి దిగాలి, లేకపోతే కొలువు పోతుంది, అది మా ఊరి కట్టుబాటు. నా భార్య మరియమ్మకు కూలికి ఒప్పుకున్న తన సాళ్లు తనకున్నాయి. నేనే బడికి కబురు పంపి, కొడుకును చేలోకి దించాను. వాడు తీసిన పత్తి వేసుకోటానికి నడుముకు ఒడి కట్టుకున్నాడు. మరియమ్మ మాత్రం, 'ఏందయ్యా, కల్లు తాగింది నువ్వు, పరీక్ష పోయేది బిడ్డకా?' అంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను: 'ప్రభువా, చెయ్యి నేను విరగ్గొట్టుకున్నాను, ఆ శిక్ష నాకే ఉంచు, బిడ్డ మీదికి పోనియ్యకు. వాడు పరీక్ష రాస్తే నేనిక కల్లు ముట్టను.'

మూడోనాడు, ఎండుటాకు పొడై పత్తికి అంటకుండా మంచు ఆరకముందే చేలో దిగే వేళకు, గట్టు మీద తెల్లచొక్కాలు కనపడ్డాయి. లెక్కల మేస్టారు, ఆయన వెనక శౌరి తరగతి పిల్లలు పదిమంది! పిల్లలు చేలో దిగటానికి ఫాదరుగారు ముందే ఆసామిని ఒప్పించారట. తలా ఒక సాలు పట్టారు. మేస్టారు పక్క సాలులో నడుస్తూ లెక్క అడగటం, శౌరి పత్తి తీస్తూ చెప్పటం, వాడు తప్పితే వెనక సాలులోనుంచి ఇంకొకడు అందుకోవటం! చేను అయిపోయేదాకా రోజూ పొద్దున్నే అట్లాగే వచ్చారు. మేస్టారు మాత్రం తొడిమలతో సహా పీకుతుంటే, కట్టుచేత్తో గట్టున కూర్చున్న నేను ఊరుకోలేక, 'అయ్యా, అది పత్తి, కోడి ఈకలు కాదు!' అన్నాను. ఆయన విననట్టే వంగి పీకారు. ఆ వంగిన వీపు చూశాక నాకు సిగ్గేసింది సహోదరులారా! దేవదూత దిగుతాడేమోనని ఎదురుచూస్తుంటే దేవుడు కళ్లద్దాల మేస్టారుని పంపాడు.

శౌరి పరీక్ష రాశాడు, బడి మొత్తానికి మొదటివాడిగా వచ్చాడు, ఫాదరుగారి ఆదరణతోనే ఇప్పుడు నరసరావుపేటలో హైస్కూలు చదువుతున్నాడు. నేను కల్లుపాక వైపు పోలేదు. మొదట్లో మనసు అటే లాగేది, జపమాల పట్టుకుంటే ఆగేది. దేవునికే మహిమ! మీలో ఎవరైనా బిడ్డను బడి మానిపించాలనుకుంటుంటే, ఒక్కసారి మోకాళ్లూని ఆయన్ని అడిగి చూడండి, ఎవరిని పంపుతాడో మనకేం తెలుసు, నమ్మండి!

ఫలితాలు వచ్చిననాడు మేస్టారికి కృతజ్ఞత చెప్పబోయి, పాత నోరు ఊరుకోక, 'అయ్యా, మావోడికి లెక్కలు ఎక్కించటం కష్టమైందా, పత్తి తీయటం కష్టమైందా?' అన్నాను.

ఆయన నడుం పట్టుకుని, 'మీవోడికి నోటితో చెబితే ఎక్కిందయ్యా ఇన్నాసీ, నీకు చెప్పటానికే నడుం ఇరిగింది' అన్నారు.