మే నెలలో తెగిపోయిన సీరియల్

1994 జనవరి 31న రిటైరయ్యాను. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆడిట్ కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. ఉద్యోగంలో చేరకముందు రెండు కథలు రాశాను, రెండూ అచ్చయ్యాయి. చేరాక రాయడం ఆగిపోయింది, తర్వాత చదవడమూ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడతానని వీడ్కోలు సభలో అందరి ముందూ చెప్పాను.

ఏడాది గడిచినా ఒక్క నవల పూర్తిచేయలేకపోయాను. పది పేజీలయ్యేసరికి కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. లేచి గేటు దాకా వెళ్లొచ్చేదాన్ని, మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టేదాన్ని. తిరిగి కూర్చుంటే కళ్లు తిన్నగా పేజీ అడుక్కి పోయేవి, అక్కడ ఎవరిదో సంతకం ఉంటుందన్నట్టు. ఇష్టంతో చదవడమనేది నాలో చచ్చిపోయిందేమోనని భయం పట్టుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

అప్పుడు ఫరీదాబాద్‌లో ఉండేవాళ్లం. ఆదివారం పొద్దున్నే లోకల్ రైలెక్కి, ఢిల్లీలో బస్సు మారి కరోల్ బాగ్ వెళ్లేదాన్ని. అక్కడ కొందరు తెలుగువాళ్లు ఒక గదిలో చిన్న గ్రంథాలయం నడిపేవారు. దాన్ని చూసుకునే ఆవిడది గుంటూరు వైపు, ఒక ప్రభుత్వాధికారి భార్య, నాకంటే పదేళ్లు చిన్నది. బీరువాలో సగానికి పైగా వారపత్రికల సీరియళ్లే. ఎవరికి వాళ్లు వారం వారం పేజీలు చింపి దాచుకుని, బైండు చేయించి ఇచ్చినవి.

1995 మార్చిలో అలాంటిదొకటి తెచ్చుకున్నాను. అందులో ఒక పంతులమ్మ, అత్తింట్లో ఎవరికీ ఇష్టం లేకపోయినా దూరపు ఊళ్లో ఉద్యోగానికి ఒప్పుకుంటుంది. పద్నాలుగో భాగం చివర, చీకటిపడే వేళ, సంచీ పట్టుకుని బస్టాండులో ఒక్కతే నిలబడి ఉంటుంది. అంతదాకా నేను లేవలేదని పేజీ తిప్పబోతూ గమనించాను. తిప్పితే పద్దెనిమిదో భాగం. ఆమె అత్తగారి వంటింట్లో పిండి రుబ్బుతోంది.

మధ్యలో మూడు భాగాలు లేవు. బస్సు రాలేదా? ఎవరైనా వచ్చి లాక్కెళ్లారా? తనే వెనక్కి తిరిగిందా? ఆ వారం రెండుసార్లు పప్పు మాడ్చాను.

ఆదివారం ఆవిణ్ని నిలదీశాను.

"మూడు భాగాలు లేవేంటమ్మా ఇందులో?"

ఆవిడ అట్ట తిప్పి చూసి నవ్వేసింది. "ఇది మాదే అక్కయ్యగారూ! మే నెలవి పోయుంటాయి. ఎల్టీసీ మీద, సర్కారు ఖర్చుతో ఊరెళ్లాం కదా. పత్రిక వస్తే తీసిపెట్టమని పక్కింటి దీదీకి చెప్పి వెళ్తే, అచ్ఛా అచ్ఛా అని తలూపి, తీరా అలమరాల్లో పరిచేసుకుంది."

"మరి ఆ కథేమైందో తెలుసుకోలేదా నువ్వు?"

"ఏ బైండైనా తీసి చూడండి, వేసవిలో కన్నమే. సెలవుల్లో ఢిల్లీలో ఉండే తెలుగువాళ్లెవరండీ?"

నేను ఊరికే నమ్మను. ఐదు బైండ్లు తీసి చూశాను. నాలుగింట్లో మే, జూన్ నెలల దగ్గర తెగిపోయింది. ఐదోది ఇచ్చినాయనకు ఆ ఏడు సెలవు దొరకలేదట.

"ఇంతకీ ఆ అమ్మాయి ఎందుకు తిరిగొచ్చినట్టు?"

"వచ్చేసిందిగా, ఠీక్ హై! ముందుకు చదవండి. ఆఫీసు వదిలేశారు గానీ మమ్మల్ని వదలరా?"

ముందుకు చదవలేకపోయాను. ఆ పద్దెనిమిదో భాగం మీద ఒళ్లు మండింది. ఇంట్లో నా సణుగుడు భరించలేక మావారు, "నువ్వే రాసి పారెయ్యవోయ్ ఆ మూడూ, పీడా వదుల్తుంది" అన్నారు.

రాశాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పేరాలకు నంబర్లేంటి?"

చూసుకుంటే నిజమే. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా వేశాను. మూడో పేరాలో "సదరు బస్సు రాలేదని గమనించడమైనది" అని కూడా రాశాను.

"బ్రహ్మాండం. చివర 'తగు ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది' అని రాసి సంతకం పెట్టు. బస్సు పరిగెత్తుకుంటూ వస్తుంది."

చింపి పారేశాను. రెండు రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. మూడో రోజు మళ్లీ కూర్చున్నాను. ఈసారి ముందు బెంచీ రాశాను. తర్వాత బెంచీ మీద నిద్రపోతున్న ముసలామె, వేరుశనక్కాయలమ్మేవాడు, అతను "ఎంతదాకా అమ్మా?" అని అడగడం, ఈమె ఊరి పేరు గట్టిగా చెప్పలేకపోవడం. అంతవరకూ చెయ్యి ఆగలేదు.

చిక్కంతా తర్వాతే. పదిహేడో భాగం ముగిసేసరికి ఆమెను వంటింటికి చేర్చాలి. మరిదిని సైకిలు మీద పంపించాను. అతను చెప్పిందంతా విని ఆమె కదల్లేదు. ఇంట్లో వదిలొచ్చిన బిడ్డకు జ్వరమని కబురు పంపాను. అది అబద్ధమని కనిపెట్టేసింది. ఎన్ని విధాల రాసినా బస్సు వచ్చేది, ఆమె ఎక్కేసేది. నేను ఇల్లంతా తిరిగేదాన్ని. కుళాయి దగ్గర, పాలబూత్ వరసలో, ఎక్కడున్నా అదే ఆలోచన.

ఏప్రిల్లో పుస్తకం తిరిగిచ్చేశాను.

"ముగింపు బాగుందా అక్కయ్యగారూ?"

"చదవలేదు."

"అయ్యో, అంత హడావుడి చేసి!"

"ఆ వంటింట్లో ఉన్నది ఎవరో నాకు తెలియదమ్మా. మా అమ్మాయి బస్సెక్కేసింది."

ఆవిడ నా మొహంకేసి చూసి, ఇంకో పుస్తకం ఇవ్వబోయింది. తర్వాత తీసుకుంటానన్నాను. తిరుగు లోకల్లో సీటు దొరకలేదు. ఊచ పట్టుకుని నిలబడి, ఆమె ఏ ఊళ్లో దిగాలా అని ఒక్కో ఊరూ తలుచుకుంటూ వచ్చాను. ఏదీ కుదర్లేదు. ఇల్లు చేరేసరికి ఎండ మండిపోతోంది. మావారిని అన్నం వడ్డించుకోమని చెప్పి, చీరైనా మార్చకుండా కాగితాలు ముందేసుకున్నాను.